మన చెరువుల్లో నాటు మార్పు చేప ఎక్కడెక్కడ మిగిలింది? ఉనికి పటం గీసే పద్ధతి

2022 జూన్‌లో కంబోడియాలోని మెకాంగ్ నదిలో ఒక జాలరికి దాదాపు నాలుగు మీటర్ల పొడవున్న టేకు చేప (ఇంగ్లిష్‌లో స్టింగ్‌రే) పడింది. బరువు 300 కిలోలు. మంచినీటి చేపల్లో ఇప్పటిదాకా తూకం వేసి రాసుకున్న వాటిలో అదే పెద్దది. ఆ జాలరి పరిశోధకులకు కబురు పెట్టాడు. వాళ్లు వచ్చి కొలిచి, ట్యాగు తగిలించి, మళ్లీ నదిలోకి వదిలారు. నది ఒడ్డు ఊళ్లలో వాళ్లకు ముందునుంచే పరిచయాలు ఉన్నాయి కాబట్టి ఆ కబురు అందింది. 300 కిలోల చేప ఆచూకీ కూడా జాలరి నోటి నుంచే తెలియాలి.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అంత పెద్ద చేప లేదు. కానీ ఏ జీవికి ఎంత ముప్పు ఉందో చెప్పే ప్రపంచ ఎర్ర జాబితాలో ఆ టేకు చేపను ఏ వర్గంలో పెట్టారో, అదే 'అంతరించే ప్రమాదంలో ఉన్న' వర్గంలో మన చెరువు చేప ఒకటి ఉంది. అదే నాటు మార్పు. శాస్త్రీయ నామం క్లేరియస్ మాగుర్. మా ఊరి కుంట ఎండాకాలం అడుగంటితే పెద్దవాళ్లు బురదలో చేతులు పెట్టి తడిమి పట్టేవాళ్లు. ఇప్పుడు అదే కుంట దగ్గర అడిగితే, "గవి మా నాయిన జమాన్ల ఉండె సార్" అంటారు. పక్క ఊళ్లో అడిగితే, "మస్తున్నయ్, మార్కెట్ల రోజూ వస్తయ్" అంటారు. రెండు మాటలూ నిజమే కావచ్చు, రెండూ తప్పే కావచ్చు. తేల్చాలంటే ఒక పద్ధతి కావాలి.

ఈ మార్గదర్శి బడి పంతుళ్ల కోసం, డిగ్రీలో జంతుశాస్త్రం చదివే పిల్లల కోసం, మత్స్య సహకార సంఘంలోని యువకుల కోసం రాస్తున్నాను. పెద్ద ఖర్చు లేదు. ఫోను, స్కేలు, నోట్‌బుక్, బకెట్ చాలు. ఓపిక మాత్రం కనీసం రెండు వానాకాలాలకు సరిపడా ఉండాలి.

ముందు చేపను గుర్తుపట్టాలి

ఇక్కడ తొందరపడితే తర్వాత చేసిన పనంతా వృథా. మొదటి ఏడాది నేను రాసుకున్న 'మార్పు' రికార్డుల్లో సగానికి పైగా నేనే కొట్టేయాల్సి వచ్చింది. నేను ఫొటో తీసింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను. ఒకసారి తల కింది భాగం తిప్పి చూసి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

రెండూ ఒకే కుటుంబం. నాలుగు జతల మీసాలు, పొలుసులు లేని నున్నటి ఒళ్లు, తల వెనక నుంచి తోక దాకా వీపు మీద సాగే పొడవాటి రెక్క రెండింటికీ ఉంటాయి. రెండూ గాలి పీలుస్తాయి, రెండూ తడి నేల మీద పాకుతాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అయినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. వాన నీళ్లకు పెంపకం గుంట తెగిందంటే ఆ చేప వాగులోకి, వాగు నుంచి చెరువులోకి చేరుతుంది. మనం వెతికే చేపను తినేదీ అదే, మన పటంలో దాని పేరుతో దూరేదీ అదే.

తేడా మూడు చోట్ల చూడండి. మొదటిది తల పైభాగం. తల గట్టి ఎముక ఎక్కడ ముగిసి మెత్తటి ఒళ్లు మొదలవుతుందో అక్కడ వేలితో తడమండి. నాటు మార్పులో ఆ అంచు మధ్యలో ఒకే మొనగా, గుండ్రంగా వెనక్కి సాగుతుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌లో మూడు మొనలతో ఇంగ్లిష్ 'ఎమ్' అక్షరంలా ఉంటుంది. రెండోది గడ్డం కింద. పెద్ద ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తలను తిప్పి చూస్తే తెల్లటి చర్మం మీద రెండు పక్కలా పొడవాటి నల్ల చారలు ఉంటాయి. పిల్ల చేపల్లో ఈ చారలు ఉండవు కాబట్టి చార లేనంత మాత్రాన నాటుదే అనుకోవద్దు. మూడోది సైజు. నాటు మార్పు జానెడు నుంచి మూరెడు మధ్యలో ఉంటుంది, కిలో దాటడం అరుదు. మూడు కిలోల మార్పు దొరికిందని ఎవరైనా చెబితే, అది ఏ చేపో అక్కడే తెలిసిపోయినట్టు.

రంగు చూసి మాత్రం తేల్చవద్దు. బురద నీటి చేప నల్లగా, తేట నీటి చేప గోధుమ రంగులో కనిపిస్తుంది. బకెట్లో గంట సేపు ఉంచితే రంగు మారుతుంది కూడా.

ఇంకో పొరపాటు ఇంగిలీకంతో జరుగుతుంది. కొన్ని ఊళ్లలో దాన్నీ మార్పు అనే పిలుస్తారు. దాని వీపు రెక్క చాలా చిన్నది, తలకు కొంచెం వెనక వేలి గోరంత మాత్రమే ఉంటుంది. ముల్లు గుచ్చుకుంటే విషం ఎక్కి చెయ్యి గంటల తరబడి సలుపుతుంది. పిల్లలను వెంట తీసుకెళ్తే ముందుగా ఈ చేపను గుర్తుపట్టడం నేర్పించండి.

నాటు మార్పుకూ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కూ పుట్టించిన సంకర జాతి కూడా ఉంది. లక్షణాలు కలగాపులగంగా ఉన్న చేప కనిపిస్తే 'క్లేరియస్, జాతి తేలలేదు' అని రాయండి. అలా రాయడం చిన్నతనం కాదు. అనుమానం ఉన్నచోట ఖాయంగా రాస్తేనే తర్వాత వచ్చేవాళ్లకు నష్టం.

పాత పేర్లు, పాత జిల్లాలు

పాత పుస్తకాల్లో, కాలేజీ మ్యూజియం సీసాల మీద ఈ చేప పేరు క్లేరియస్ బట్రాకస్ అని ఉంటుంది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా నది చేపల గురించి రాస్తూ దీనికి మాగుర్ పేరు పెట్టాడు. తర్వాత చాలాకాలం జావా దీవి చేపతో కలిపేసి బట్రాకస్ అనే పిలిచారు. 2008 తర్వాత ఆ పేరు జావా చేపకే పరిమితమై, మనది మళ్లీ మాగుర్ అయింది. కాబట్టి పాత రికార్డు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. దొరికిన రికార్డులో పేరు ఎలా ఉంటే అలాగే ఎక్కించి, పక్క గడిలో ఇప్పటి పేరు రాయండి. పాత మాటను కొట్టేయవద్దు.

జిల్లా పేర్లతోనూ ఇదే చిక్కు. 2016 అక్టోబరుకు ముందు రాసిన 'మహబూబ్‌నగర్ జిల్లా' అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట కూడా కావచ్చు. 'నల్లగొండ జిల్లా' అంటే సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కూడా కావచ్చు. ఊరి పేరు లేకుండా జిల్లా పేరు మాత్రమే ఉన్న పాత రికార్డును జిల్లా కేంద్రం మీద చుక్కగా పెట్టకండి. ఆ చుక్క అబద్ధం చెబుతుంది. దాన్ని విడిగా ఒక పట్టికలో ఉంచండి.

వెతికే చోటు ఎంచుకోవడం

జిల్లా సరిహద్దు చేపకు తెలియదు, దానికి తెలిసింది నీటి దారి. కాబట్టి నీటి దారి పట్టుకుని వెళ్లండి. మన దగ్గర మూసీ, డిండిగా పిలుచుకునే దుందుభి, దేవరకద్ర దగ్గర కోయిల్‌సాగర్‌కు నీళ్లు తెచ్చే పెద్దవాగు, వీటన్నింటినీ కలుపుకునే కృష్ణ ఉన్నాయి. వీటిలో ఒక్క దారి ఎంచుకోండి. దాని మీద ఉన్న గొలుసుకట్టు చెరువులు పై నుంచి కింది దాకా రాసుకోండి. ఏ చెరువు అలుగు పారితే ఏ చెరువులోకి నీళ్లు వెళ్తాయో ఊరి నీరటికాళ్లకు, రైతులకు తెలుసు. ఒక మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుంటే ఏ దఫ్తరులోనూ దొరకని గొలుసు మీ నోట్‌బుక్‌లోకి వస్తుంది.

తొలకరికి అలుగు నీటికి ఎదురెక్కడం మార్పు స్వభావం. అందుకే గొలుసు ముఖ్యం. కింది చెరువులో ఉండి పై చెరువులో లేకపోతే మధ్యలో ఏం అడ్డు వచ్చిందో చూడాలి. అలుగు ఎత్తు పెంచారా, కాంక్రీటు గోడ కట్టారా, వాగు పూడిందా అని రాసుకోండి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ప్రతి చెరువుకూ విడిగా రాయండి. పానగల్లు ఉదయసముద్రానికి కృష్ణ నీళ్లు ఎత్తిపోతల ద్వారా వస్తాయి. ఆ కాలువ కిందకు రాని కుంట వాన నీళ్లతోనే నిండుతుంది. కాలువ నీళ్లతో ఎక్కడి చేపైనా రావచ్చు, వాన నీటి కుంటలో ఉన్నది పాతకాపు అయ్యే అవకాశం ఎక్కువ. ప్రభుత్వం 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది. అవి ముఖ్యంగా బొచ్చె, రవ్వ, మోసు లాంటి రకాలు. ఏ చెరువులో ఏ ఏడాది వదిలారో సంఘం వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది, అది కూడా రాసుకోండి.

పెద్ద చెరువుల మీదే పడకండి. నాటు మార్పుకు ఇష్టమైనవి లోతు తక్కువ, గడ్డి, బురద ఉన్న చోట్లు. చెరువు శిఖం అంచులు, తూము కింద ఎప్పుడూ తడిగా ఉండే మడులు, వరి పొలం పక్క కాలువ, ఊరి చివర పేరు కూడా లేని కుంట. నాకు నమ్మకంగా దొరికిన చేపల్లో ఎక్కువ భాగం ఇలాంటి చోట్లవే. పెద్ద రిజర్వాయర్ల కట్టల మీద నిలబడి గడిపిన రోజులు ఎక్కువ, దొరికినవి తక్కువ.

నల్లమల అంచున అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వచ్చే వాగులకు, కృష్ణ ఒడ్డుకు అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకండి. మిగతా చోట్ల కూడా చెరువు చేపల హక్కు సహకార సంఘానిది. ముందు సంఘం అధ్యక్షుడిని కలిసి, ఏం చేయబోతున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే నీళ్ల దగ్గరకు వెళ్లండి.

ఎప్పుడు వెళ్లాలి

రెండు కాలాలు ఉన్నాయి. మొదటిది తొలకరి, అంటే మృగశిర, ఆరుద్ర కార్తెలు. మొదటి గట్టి వానకు అలుగు, కాలువ, పొలం గట్టు తెగిన చోటు చూడాలి. రాత్రి వాన పడితే తెల్లారేసరికి అక్కడ ఉండాలి, ఎండ ఎక్కాక వెళ్తే వల మడిచి ఇంటికి పోతున్న వాళ్లు ఎదురొస్తారు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇది గుడ్లు పెట్టే కాలం. పొట్ట నిండుగా ఉన్న ఆడ చేప కనిపిస్తే ఆ మాట తప్పకుండా రాయండి. చేప అక్కడికి కొట్టుకొచ్చిందా, అక్కడే సంతానం పెంచుతోందా అన్నది తేల్చడానికి అది పనికొస్తుంది. కొన్న చేప అయినా సరే, గుడ్డు మీద ఉంటే తిరిగి నీళ్లలో వదిలేయండి.

రెండోది మార్చి నుంచి మే దాకా, నీళ్లు అడుగంటి సంఘం వాళ్లు చివరి పట్టు పట్టే రోజులు. బొచ్చె, రవ్వ వలకు ఎక్కాక, మిగిలిన బురదలో పిల్లలు చేతులతో పట్టేవాటిలో మార్పు ఉంటుంది. ఆ రోజు ఎప్పుడో ముందుగా తెలుసుకోవాలంటే సంఘం వాళ్లతో స్నేహం తప్ప మరో దారి లేదు.

మనుషులతో మాట్లాడటం

ముదిరాజ్‌లు, గంగపుత్రులు తరాలుగా ఈ నీళ్లను చూస్తున్నవాళ్లు. వాళ్ల దగ్గరకు ప్రశ్నపత్రం పట్టుకుని పోతే ముక్తసరిగా జవాబు వస్తుంది. వల బాగుచేస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. పెద్దవాళ్లను తాతా, పెద్దయ్యా అని, మీ ఈడు వాళ్లను అన్నా, తమ్మీ అని మీ ఊళ్లో పిలిచినట్టే పిలవండి. ఆడవాళ్లను మరచిపోవద్దు. చేప శుభ్రం చేసేదీ, అంగట్లో అమ్మేదీ ఎక్కువగా వాళ్లే. తల ఎముక తేడా నాకు మొదట చేత్తో పట్టి చూపించింది అంగట్లో చేపలు కోసే ఒక అక్క.

"మీ చెరువులో మార్పు ఉందా?" అని నేరుగా అడగకండి. వచ్చినవాళ్లను సంతోషపెట్టాలని చాలామంది ఉందనే చెబుతారు. "ఈ చెరువులో ఏమేం చేపలు పడతాయి?" అని అడిగి, వాళ్లు చెప్పిన వరుసలోనే అన్నీ రాయండి. వాళ్లంతట వాళ్లు మార్పు పేరు ఎత్తారా లేదా అన్నదే ఒక సమాచారం. తర్వాత ఫొటో కార్డులు ఇవ్వండి. వాటిలో నాటు మార్పు, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, ఇంగిలీకం, కొర్రమీను, జెల్ల, వాలుగ ఉండాలి. వీటి మధ్యలో మెకాంగ్ టేకు చేప ఫొటో కూడా పెట్టండి. మా కుంటలో అది కూడా ఉందని ఎవరైనా అంటే, ఎదురు చెప్పకుండా రాసుకోండి, ఇంటికి వచ్చాక ఆ మాటల బరువు తగ్గించి చూడండి. గుర్తుపట్టలేనప్పుడు 'ఇది మా దిక్కు లేదు' అని చెప్పినవాళ్ల మిగతా మాటలకు విలువ ఎక్కువ.

పెద్దవాళ్ల జ్ఞాపకాలకు ఏళ్లు అడిగితే రావు. గుర్తుండే సంగతి పట్టుకుని అడగండి. సాగర్ కాలువ నీళ్లు వచ్చినప్పుడు ఉండెనా? 2009లో కృష్ణకు పెద్ద వరద వచ్చి ఆలంపూర్ వైపు మునిగిన ఏడాదికి ఉండెనా? మిషన్ కాకతీయలో మీ చెరువు పూడిక తీసిన ఏడాదికి ముందా, తర్వాతా? ఇలా అడిగితే ఆఖరిసారి చూసిన కాలం ఐదారేళ్ల తేడాలో తేలుతుంది. దాన్ని కూడా ఒక్క సంవత్సరంగా రాయకుండా '2009కి తర్వాత, 2015కి ముందు' అని రాయండి.

పేరు రాసుకోవచ్చా అని అడగండి. వద్దంటే వయసు, వృత్తి చాలు. ఎవరి ఫోను నంబరూ బయటికి ఇవ్వకండి. చేపను కొనాల్సి వస్తే అంగడి ధర ఇచ్చి కొనండి. 'మార్పు తెస్తే ఇంత ఇస్తాం' అని మాత్రం ఎప్పుడూ ప్రకటించవద్దు. లెక్కపెట్టడానికి వచ్చినవాళ్లే ఆ చేపను ఖాళీ చేసినట్టవుతుంది.

అంగడి

వారం అంగట్లో, ముఖ్యంగా మృగశిర కార్తె రోజున, ఏడాదిలో ఎప్పుడూ లేనన్ని చేపలు ఒకేచోట కనిపిస్తాయి. కానీ అంగడి ఉనికికి సాక్ష్యం కాదు. అక్కడి చేపల్లో చాలా భాగం కోస్తా నుంచి లారీల్లో, ఐస్ పెట్టెల్లో వస్తుంది. ఏ ఊరు, ఏ చెరువు, ఎవరు పట్టారు, ఎప్పుడు అని అడగండి. చెరువు పేరు తెలిస్తే ఆ చెరువుకు వెళ్లి సరిచూసుకున్నాకే పటంలో పెట్టండి. చెరువు పేరు తెలియకపోతే 'అంగట్లో చూశాను' అన్న విడి పట్టికలోనే ఉండాలి.

చేప చేతికి వచ్చినప్పుడు

చేతులు తడుపుకోండి. ఛాతీ రెక్కల ముందు అంచున గట్టి ముళ్లు ఉంటాయి, వాటి వెనక నుంచి పట్టుకోవాలి. మీసాలు పట్టి ఎత్తకండి. మూత ఉన్న బకెట్లో చేప మునిగేంత చెరువు నీళ్లు, కొంచెం తడి గడ్డి వేస్తే చాలు. ఇది పైకి వచ్చి గాలి మింగే చేప, కాబట్టి బకెట్ అంచుదాకా నీళ్లు నింపకండి.

నాలుగు ఫొటోలు తీయండి. ఎడమ పక్క మొత్తం ఒళ్లు, తల పై నుంచి, తల కింద నుంచి, తోక దగ్గర వీపు రెక్క ముగిసే చోటు. ప్రతి ఫొటోలో స్కేలు ఉండాలి. ఫ్లాష్ వేస్తే తడి చర్మం మెరిసి ఏమీ కనిపించదు, నీడలో తీయండి. ఐదో ఫొటో చెరువుది, మీరు నిలబడిన చోటు నుంచి. రెండు నిమిషాల్లో పూర్తి చేసి పట్టిన చోటే వదిలేయండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అని తేలితే మాత్రం తిరిగి నీళ్లలో వదలకండి.

చచ్చిన నాటు మార్పు దొరికితే పారేయకండి. ఐస్‌లో పెట్టి, ఎక్కడిది, ఎప్పటిది అన్న చీటీ పెన్సిలుతో రాసి లోపలే ఉంచండి, పెన్ను సిరా కారిపోతుంది. హైదరాబాద్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థ వారి మంచినీటి జీవుల ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడికి ముందుగా ఫోన్ చేసి అప్పగిస్తే యాభై ఏళ్ల తర్వాత కూడా ఎవరైనా తీసి సరిచూడగలరు. చేపలు కుళ్లకుండా సీసాల్లో పోసే ఫార్మలిన్ రసాయనం జోలికి మీరు పోవద్దు. నీటి నమూనా వడపోసి అందులో చేప డీఎన్ఏ వెతికే పద్ధతి కూడా వచ్చింది, కానీ దానికి ప్రయోగశాల తోడు కావాలి. చెరువుల మీద మీ పని ఒక ఏడాది సాగాక ఆ సాయం అడగడం మంచిది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ. చెరువు పేరు, ఊరు, మండలం. అక్షాంశం, రేఖాంశం. నీరు ఎంత ఉంది. పట్టిన పద్ధతి ఏమిటి, విసురు వలా, గాలమా, వెదురు బుట్టా, చేతులా. ఎంతమంది, ఎన్ని గంటలు. దొరికిన అన్ని చేపల పేర్లు, మార్పు ఒక్కటే కాదు. చివర్లో, నాకు ఎంత నమ్మకం, ఎందుకు.

అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత నాలుగు అంకెలు చాలు, అవి పది మీటర్ల తేడాలో చోటు చెబుతాయి. ఫోను ఎంత తేడా చూపిస్తోందో అదీ రాయండి. నల్లగొండ సుమారు 17.05 ఉత్తర అక్షాంశం, 79.27 తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ రెండూ తారుమారైతే మీ చెరువు ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలుతుంది. కంప్యూటర్లో ఎక్కించిన రోజే పటం తెరిచి ప్రతి చుక్కనూ కంటితో చూసుకోండి.

రికార్డులను మూడు తరగతులు చేయండి. చేప, చోటు, తేదీ మూడింటికీ ఫొటో సాక్ష్యం ఉన్నవి మొదటి తరగతి. జాలరి ఫోనులో ఫొటో ఉండి చెరువు పేరు ఖాయంగా తెలిసినవి రెండోది. నోటి మాట మాత్రమే ఉన్నవి మూడోది. పటంలో మూడింటికీ మూడు రంగులు వేయండి. నోటి మాటలు పాత కాలం గురించి చెబుతాయి, వాటిని తీసేయకూడదు. ఫొటోతో కలిపేయనూ కూడదు.

దొరకని రోజులు

చాలామంది దొరికిన రోజే నోట్‌బుక్ తెరుస్తారు. అలా చేస్తే వెతకని చెరువుకూ, పదిసార్లు వెతికినా దొరకని చెరువుకూ పటంలో తేడా ఉండదు, రెండూ ఖాళీగానే కనిపిస్తాయి. ఒక చేప ఇక్కడ లేకుండా పోయిందని చెప్పే హక్కు ఆ రెండోదానితోనే వస్తుంది. కాబట్టి 'ఆరుద్ర కార్తె, తెల్లవారి ఐదు నుంచి ఎనిమిది దాకా, రెండు విసురు వలలు, మార్పు పడలేదు' అన్న పంక్తి కూడా రికార్డే. నా పుస్తకంలో అలాంటి పంక్తులే ఎక్కువ.

ఎన్నిసార్లు వెళ్తే లేదని చెప్పవచ్చు? ఒక చిన్న లెక్క వేసి చూడండి. చెరువులో చేప ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్తే కనిపించే అవకాశం పదిలో మూడు అనుకుందాం. అంటే కనిపించకపోయే అవకాశం పదిలో ఏడు. ఐదుసార్లు వెళ్లినా కనిపించకపోయే అవకాశం ఇంకా వందలో 17 ఉంటుంది. ఎనిమిదిసార్లు వెళ్తే అది ఆరుకు దగ్గరగా తగ్గుతుంది. ఒక్కసారి వెళ్లి లేదనడం ఎంత తొందరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది. ఉన్నట్టు ఖాయంగా తెలిసిన చెరువుకు పలుమార్లు వెళ్లి, ఎన్నిసార్లకు ఒకసారి కనిపిస్తుందో చూసుకుంటే ఈ 'పదిలో మూడు' స్థానంలో మీ సొంత అంకె వస్తుంది. పది చెరువులకు ఒక్కోసారి వెళ్లడం కన్నా మూడు చెరువులకు ఎనిమిదేసిసార్లు వెళ్లడం మేలు.

పటం

క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు మీడియం పిల్లలు కూడా వారంలో నేర్చుకున్నారు. చుక్కలు పెట్టాక రెండు విస్తీర్ణాలు లెక్కిస్తారు. మొదటిది, బయటి చుక్కలన్నింటినీ చుట్టి తాడు బిగిస్తే లోపల వచ్చే మొత్తం ప్రాంతం. రెండోది, నేల మీద రెండు కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు గడులు పరిచి, చేప ఉన్న గడులు మాత్రమే లెక్కపెట్టడం. ఒక్కో గడి నాలుగు చదరపు కిలోమీటర్లు. తొమ్మిది చుక్కలు ఆరు గడుల్లో పడితే 24 చదరపు కిలోమీటర్లు అన్నమాట. చెరువు చేపకు ఈ రెండో లెక్కే నిజానికి దగ్గర, ఎందుకంటే తాడు బిగించిన ప్రాంతంలో చాలా భాగం గుట్టలు, పత్తి చేలు.

ఎర్ర జాబితా నియమాల్లో మొదటి లెక్క 5,000 చదరపు కిలోమీటర్ల లోపు, లేదా రెండోది 500 లోపు ఉండి, మరికొన్ని షరతులు కూడా కలిస్తే ఆ జాతి అంతరించే ప్రమాదంలో ఉన్న వర్గంలోకి వస్తుంది. ఆ అంకెలతో మీ పటాన్ని పోల్చి తీర్పు చెప్పకండి. నాటు మార్పు గంగా, బ్రహ్మపుత్ర మైదానాల్లోనూ ఉంది, బిహార్ రాష్ట్ర చేప కూడా అదే. ఆ అంకెలు జాతి మొత్తానికి సంబంధించినవి. మీ పటం చెప్పేది మన దగ్గర ఏ గొలుసులో మిగిలింది, ఏ గొలుసులో తెగింది అన్న సంగతి.

పటం మీద ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చుక్కలు కూడా పెట్టండి. రెండూ పక్కపక్కన చూస్తే నాకు ఎక్కడ ముందుగా వెళ్లాలో తెలిసింది. నాటు మార్పు ఉండి, పక్క చెరువు దాకా క్యాట్‌ఫిష్ వచ్చిన చోట్లు అవి. అక్కడ సంఘం వాళ్లతో మాట్లాడటం ఆలస్యం చేయకూడదు.

ఎవరికి ఇవ్వాలి

ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లలో ఫొటోలు ఎక్కిస్తే దేశంలోని చేపల నిపుణులు చూసి పేరు సరిచూస్తారు. ఐనాచురలిస్ట్‌లో చోటును మసకగా చూపే వీలుంది, చిన్న కుంటలకు అది వాడండి. అచ్చమైన అక్షాంశ రేఖాంశాలు మీ దగ్గర, మీరు నమ్మే ఒక సంస్థ దగ్గర ఉంటే చాలు.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ ఊరి రిజిస్టర్ తీయించి చేపల పేజీ చూడండి. అందులో మార్పు అని మాత్రమే ఉంటే, కింద చెరువు పేరు, తేదీ, ఫొటో నంబరు చేర్పించండి. దొరకని చెరువుల పేర్లు కూడా చేర్పించండి.

ఇంకో ప్రతి మత్స్య సంఘానికి ఇవ్వండి, తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఫొటోలతో. మా గొలుసులో సంఘం వాళ్లు ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి తూము గది గోడకు వేలాడదీశారు. తల కింది నల్ల చారల ఫొటో అందులో అన్నింటికన్నా పెద్దది. ఇప్పుడు వలలో అనుమానం ఉన్న చేప పడితే ముందు దాన్ని తిప్పి చూస్తున్నారు, తర్వాత నాకు ఫోన్ చేస్తున్నారు. మళ్లీ మృగశిరకు మొదటి వాన పడ్డ రాత్రి ఆ అలుగు దగ్గరే కలుద్దామని చెప్పుకున్నాం.